ఐదు గంటల చీకటి

మా ఇంట్లో కంప్యూటరు తెర మొదటిసారి ఆరిపోయినప్పుడు నేను నిద్రలో ఉన్నాను. రెండోసారీ, పదోసారీ కూడా. అది ఆరే వేళకి మెలకువగా ఉండేది నాన్న ఒక్కడే.

2013 డిసెంబరు. నాన్న రిటైరై హైదరాబాదులో మా దగ్గరికి వచ్చేసి రెండేళ్లయింది. బాల్కనీకి అద్దాలు బిగించి చేసుకున్న చిన్న గదిలో పాత కంప్యూటరు ఉండేది. దాని మానిటరు 2007లో కొన్న పదిహేడంగుళాల ఎల్‌సీడీ. నాన్న నాలుగున్నరకే లేచి, కాఫీ తాగి, ఐదింటికల్లా దాని ముందు కూర్చునేవాడు. నాయనమ్మ పాడుతుంటే ఎప్పుడో రాసిపెట్టుకున్న పాటల నోటుబుక్కులు మూడున్నాయి. దంపుళ్ల పాటలు, పెళ్లిపాటలు, మేలుకొలుపులు. కాగితం పసుపెక్కి మడతల దగ్గర చిరుగుతోంది. అది పూర్తిగా పోయేలోపు అన్నీ టైపు చేసెయ్యాలని ఆయన పట్టుదల.

"ఒరేయ్, పొద్దున్నే తెర ఆరిపోతోందిరా," అన్నాడొక సాయంత్రం. వెళ్లి మీట నొక్కాను. వెలిగింది. పావుగంట కూర్చుని చూశాను. నిక్షేపంగా ఉంది.

"బాగానే ఉందిగా నాన్నా."

"ఇప్పుడు బాగానే ఉంటుంది," అన్నాడు.

ఆ "ఇప్పుడు" అన్న మాట దగ్గర నేను ఆగాల్సింది. ఆగలేదు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. వాడుకునేవాళ్లు ఫలానా చోట ఆగిపోతోందని రాసి పంపుతారు. మేం అదే పని మా దగ్గర చేసి చూస్తాం. నాలుగైదుసార్లు చేసినా ఆగకపోతే ఆ ఫిర్యాదు ఎదురుగా "కెనాట్ రీప్రొడ్యూస్" అని రాసి మూసేస్తాం. మా దగ్గర రాలేదని దాని అర్థం. కానీ చదువుకునే మనిషికి "నీ దగ్గరా రాలేదు" అన్నట్టే ఉంటుందది. 1985లో జిమ్ గ్రే అనే కంప్యూటరు శాస్త్రవేత్త, కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయనే విషయం మీద రాసిన పత్రంలో తప్పుల్ని రెండు జాతులుగా చూశాడు. ఎప్పుడు వెతికినా ఉన్నచోటే దొరికేవి ఒక జాతి. వెతకబోతే మాయమయ్యేవి రెండో జాతి. ఈ రెండోవాటికి భౌతికశాస్త్రవేత్త హైసెన్‌బర్గ్ పేరు కలిపి "హైసెన్‌బగ్" అన్నాడు. ఆ పత్రం చదివినవాణ్ణే, కొత్తగా చేరినవాళ్లకి పాఠం చెప్పినవాణ్ణే. ఇంట్లో నాన్న చెబుతున్నది ఆ రెండో జాతి సంగతేనని నాకు తట్టలేదు.

ఆయన మరో రెండుసార్లు చెప్పాక వీజీఏ కేబులు మార్చాను. మూడు రోజులు తెర ఆరలేదు. నా పని అయిపోయిందనుకున్నాను. నాలుగోరోజు మళ్లీ ఆరింది.

తాటిచెట్టు మీద కాకి వాలిన క్షణాన పండు రాలితే, కాకే రాల్చిందనుకోవడాన్ని మన పెద్దలు కాకతాళీయమన్నారు. ఉండి ఉండి వచ్చే తప్పుతో పెనుగులాడేవాడు ఈ మాటని బల్ల ఎదుట రాసి అంటించుకోవాలి. దానంతట అది వచ్చి దానంతట అది పోయే జబ్బుకి, పోయిన ప్రతిసారీ మనం చివరగా చేసిన వైద్యానికి పేరొస్తుంది. కేబులు మారిస్తే కేబులుకి, దుమ్ము దులిపితే దుమ్ముకి, ప్లగ్గు పీకి పెడితే ప్లగ్గుకి. ఇలా ఎన్ని ఇళ్లలో ఎన్ని మంచి సామాన్లు మార్చి పారేసి ఉంటారో. ఆ తప్పుని కావాలన్నప్పుడు రప్పించి, కావాలన్నప్పుడు పోగొట్టగలిగితేనే కారణం దొరికినట్టు. అంతవరకూ మనదంతా కాకి కథే.

తరవాత నాకు చిన్నప్పటి టీవీ గుర్తొచ్చింది. శుక్రవారం చిత్రలహరి వేళకి ఇరుగుపొరుగు అందరూ మా ముందుగదిలో చేరేవాళ్లు. సరిగ్గా పాట మంచిపట్టులో ఉండగా బొమ్మ అడ్డగీతలై చెదిరిపోయేది. పక్కింటి మామయ్య లేచి టీవీ పక్కన అరచేత్తో ఒక్కటి చరిచేవాడు. బొమ్మ కుదురుకునేది. నాన్నకి అది చూస్తే ప్రాణం చివుక్కుమనేది. "కొడితే మాట వింటుందిగానీ ఎక్కడ నొప్పో చెప్పదయ్యా," అనేవాడు. లోపల బోర్డు మీద ఏదో ఒక కాలు చుట్టూ సోల్డరు ఉంగరంలా పగిలి ఉంటుంది. వేడికి సాగినప్పుడు విడిపోతుంది, దెబ్బ పడితే అతుక్కుంటుంది. మెకానిక్కులు దీన్నే డ్రై సోల్డర్ అంటారు. ప్రతి దెబ్బకీ ఆ పగులు మరికాస్త పెరుగుతుంది. మానిటరులోనూ అదే అయి ఉంటుందని వెనకంతా వేళ్లతో తట్టాను, అంచులు నొక్కాను, వైర్లు కదిపాను. ఏ మార్పూ లేదు. సాయంత్రం ఏడింటికి అది రాయిలా నిలకడగా ఉంది.

ఇక దాన్ని సంకలో పెట్టుకుని రిపేరు షాపుకి పోయాను. మధ్యాహ్నం రెండింటికి ఆ కుర్రాడు బల్ల మీద పెట్టి ఆన్ చేశాడు. సాయంత్రం దాకా వెలుగుతూనే ఉంది. "నా ముందు రాకపోతే దేన్ని మార్చమంటారు సార్? ఊరికే పార్టులు మార్చి మీ దగ్గర డబ్బులు తీసుకోవడం నాకిష్టం లేదు," అన్నాడు. ఆ మాట అన్నందుకు అతనంటే నాకిప్పటికీ గౌరవం. దాన్ని తిరిగిస్తూ ఒక్క ప్రశ్న అడిగాడు. "ఎన్నింటికి వస్తుంది సార్?"

జవాబు నాకు తెలియదు. నాన్నకి తెలుసు, కానీ ఇన్నాళ్లలో ఒక్కసారీ ఆ ప్రశ్న నేనాయన్ని అడగలేదు.

ఆ రాత్రి అడిగాను. నాన్న మాట్లాడకుండా పాటల నోటుబుక్కుల్లో మూడోది తెచ్చి వెనకవైపు నించి తెరిచాడు. స్కేలుతో గీసిన నిలువు గళ్లు. తేదీ, వేళ, ఏం జరిగింది, ఎన్నోసారికి వెలిగింది. గుంటూరు జిల్లాలో ముప్ఫై ఏళ్లు సబ్‌స్టేషన్లలో పనిచేసిన మనిషి ఆయన. గంట గంటకీ వోల్టేజి ఎంత, లోడు ఎంత, ట్రాన్స్‌ఫార్మరు ఆయిలు వేడి ఎంత అని లాగ్‌షీటు నింపడం అక్కడి పని. ఏమీ జరగని గంటకి కూడా అంకె రాయాలి. జరిగిన గంట ఏదో తెలిసేది జరగని గంటల వల్లే. మా మానిటరుకీ ఆయన అదే మర్యాద చేశాడు.

ఆ గళ్లలో ఉన్నది చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఉదయం ఏడున్నర దాటాక ఒక్కసారి కూడా ఆరలేదు. ఐదింటికి ఆరిన రోజుల్లో నాలుగోసారికో ఐదోసారికో వెలిగింది. ఒకసారి నిలబడ్డాక ఇక రోజంతా ఆరలేదు. నేను కేబులు మార్చిన ఆ మూడు రోజులకి ఎదురుగా పక్క గడిలో చిన్న అక్షరాలతో "మబ్బు, చలి లేదు" అని ఉంది. ఇంకో గడిలో, "పచ్చదీపం వెలుగుతూనే ఉంది. తెర నల్లబడ్డా అక్షరాలు లీలగా కనిపిస్తున్నాయి." ఈ సంగతి ఆయన నాకు నోటితో కూడా చెప్పాడు, రెండోవారంలోనో ఎప్పుడో. నల్లబడ్డ తెరలో అక్షరాలు కనపడటమేమిటని నేను నవ్వి ఊరుకున్నాను.

పేజీ వెనక్కి తిప్పితే అవే గళ్లు, పెన్సిలుతో, బాగా వెలిసిపోయి ఉన్నాయి. అవి మానిటరువి కావు. అప్పుడు అడగలేదు.

వేళ తెలియడం ఎంత పెద్ద సంగతో మన ఊళ్లలో చలిజ్వరం చూసినవాళ్లకి ఎరుకే. రోజు విడిచి రోజు వచ్చే జ్వరం, రెండు రోజులు విడిచి వచ్చే జ్వరం అని పెద్దవాళ్లు దాని రాకపోకల్ని బట్టే గుర్తుపట్టేవాళ్లు. మధ్యలో మనిషి లేచి తిరిగేవాడు, జబ్బే లేనట్టు. ఆ గడియలకీ రక్తంలో క్రిములు కణాల్ని బద్దలుకొట్టుకుని బయటపడే గడియలకీ లంకె ఉందని 1880లలో ఇటలీలో గోల్జీ తేల్చాడు. మా ఇంటికి ఎంతో దూరంలో లేని సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ ఆ జాతి క్రిమిని దోమ పొట్టలో చూశాడు. నాన్న గళ్లు చూసిన రాత్రి నాకు గోల్జీయే ఎక్కువ గుర్తొచ్చాడు. జ్వరం ఎందుకు వచ్చిందని మాత్రమే అడిగి ఊరుకోకుండా, ఎప్పుడు వచ్చిందని అడిగినవాడు కనక.

మర్నాడు ఐదింటికి నాన్న పక్కన నేనూ కూర్చున్నాను. హైదరాబాదులో డిసెంబరు తెల్లవారుజామున బయట 12, 13 డిగ్రీలకి దిగుతుంది. అద్దాల గది కనక లోపల కూడా కాళ్లు కొంకర్లు పోతున్నాయి. నాన్న మీట నొక్కాడు. తెర వెలిగింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపు నల్లబడింది. పచ్చదీపం అలాగే ఉంది. నేను టార్చి తీసి తెరకి ఏటవాలుగా పట్టుకున్నాను. ఆ నల్లటి తెర లోపల, చెరువు అడుగున రాళ్లలాగా, నాయనమ్మ పాట వరసలు వరసలుగా కనిపించింది. నాన్న చూసింది నిజం.

అక్కడితో సగం చిక్కు విడిపోయింది. ఎల్‌సీడీ తెర తనంత తాను వెలగదు. అది రంగుల అద్దంలాంటిది, వెనకనించి వెలుగు పడితేనే కనిపిస్తుంది. ఆ కాలపు మానిటర్లలో ఆ వెలుగునిచ్చేవి పెన్సిలుకన్నా సన్నటి ట్యూబులైట్లు, సీసీఎఫ్‌ఎల్ అంటారు. అవి వెలగాలంటే మొదట వెయ్యి వోల్టులకి పైగా కొట్టాలి. ఆ వోల్టేజిని తయారుచేసే చిన్న బోర్డు ఇన్వర్టరు. దానికి అందే కరెంటు కుదురుగా లేకపోయినా, ఒక ట్యూబు సరిగా పట్టుకోకపోయినా, ప్రమాదమని భయపడి ఒకటి రెండు సెకన్లలో తనని తాను ఆపేసుకుంటుంది. బొమ్మ గీసే భాగానికి ఏ దెబ్బా తగలలేదు, కాబట్టి బొమ్మ చీకట్లోనే ఉంటుంది. మా తెర బొమ్మ గియ్యడం మానలేదు, మాకు చూపించడం మానింది.

మరి చలికీ దీనికీ ఏం సంబంధం? ఇక్కడ నాన్నే దారి చూపాడు. "కండెన్సర్ అయ్యుంటుందిరా," అన్నాడు. కెపాసిటర్‌కి అది పాత పేరు. బోర్డు మీద చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల లోపల ద్రవం ఉంటుంది. కరెంటులోని ఎగుడుదిగుళ్లని మింగి సాఫుచెయ్యడం వాటి పని. ఏళ్ల తరబడి వేడికి ఆ ద్రవం ఆరుతూ వస్తుంది. ఆరిన కొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది. చలికి ఆ మిగిలిన కాస్తా చిక్కబడి నిరోధం మరీ ఎక్కువవుతుంది. దీపం వెలిగించే మొదటి అదురుకి తట్టుకోలేదు. నాలుగైదుసార్లు మీట నొక్కేసరికి దానికదే కొంచెం వెచ్చబడి పనిలో పడుతుంది. మధ్యాహ్నం షాపులో, సాయంత్రం నా ముందు, అది ఆరోగ్యంగా ఉన్నట్టు నటించలేదు. ఆ వేళకి నిజంగానే ఆరోగ్యంగా ఉంది.

ఊహ బాగుంది. కాకి కథ కాకూడదు కదా. మర్నాడు తెల్లవారుజామున ప్లగ్గు పూర్తిగా పీకేసి, వెనక గాలిరంధ్రాల్లోంచి హెయిర్ డ్రయ్యరుతో ఐదు నిమిషాలు వెచ్చటి గాలి కొట్టి, అప్పుడు ప్లగ్గు పెట్టి ఆన్ చేశాం. మొదటిసారికే వెలిగి నిలబడింది. ఆ మర్నాడు గాలి కొట్టలేదు. ఆరింది. మూడోనాడు కొట్టాం. వెలిగింది. నాన్న మూడు రోజులూ గళ్లు నింపాడు. మూడోనాడు నోటుబుక్కు మూసి, "ఇక విప్పొచ్చు," అన్నాడు. సబ్‌స్టేషనులో ఎవరికైనా లైన్ క్లియర్ ఇచ్చేటప్పుడు అదే గొంతు అయి ఉంటుంది.

ఆదివారం విప్పాం. శనివారం రాత్రే ప్లగ్గు పీకి ఉంచాం. మన 230 వోల్టుల కరెంటు లోపల డీసీగా మారితే 325 దాకా అవుతుంది, పెద్ద కెపాసిటరు దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. రాత్రంతా వదిలేసినా నాన్న మీటరు పెట్టి సున్నా చూశాకే నన్ను చెయ్యి పెట్టనిచ్చాడు. చిన్న కెపాసిటర్లు ఆరు. వాటి తల మీద కూడిక గుర్తులా గాట్లు ఉంటాయి, లోపల ఒత్తిడి పెరిగితే అక్కడ ఉబ్బడానికి. ఒకదాని తల పూరీలా కాకపోయినా, వేలితో తడిమితే తెలిసేంత లేచింది. మిగతా ఐదూ చదునుగా, మెరుస్తూ ఉన్నాయి. చూపుకి బాగున్నాయని వదలొద్దన్నాడు నాన్న. ఉబ్బకుండానే ఎండిపోయేవి చాలా ఉంటాయట. పైగా 2000 తరవాతి కొన్నేళ్లలో లోపలి ద్రవం కూర్పు చెడ్డ కెపాసిటర్లు ప్రపంచమంతటా మదర్‌బోర్డుల్లో, మానిటర్లలో చేరి ముందే చచ్చిపోయిన సంగతి నేనెరుగుదును. మావి ఆ బాపతో, మా బాల్కనీ గది ఎండలకి వాడిపోయినవో, రెండూనో.

వాటి మీద 105 డిగ్రీలని ముద్ర ఉంది. అలాంటివాటిలో చాలావాటిని ఆ వేడి దగ్గర 2,000 గంటలు పనిచేసేలా తయారుచేస్తారు. పది డిగ్రీలు తగ్గిన కొద్దీ ఆయుష్షు సుమారుగా రెట్టింపవుతుంది. 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు. నాన్న కాగితం మీద వేసి చూపించాడు. గోడ దగ్గర స్విచ్చి ఎప్పుడూ ఆపకుండా ఆరేళ్లు ఉంచిన వస్తువు మరి. మన ఇళ్లలో ఎవరం ఆపుతాం?

కోఠీలో గుజరాతీ గల్లీకి పోయి ఆరు కెపాసిటర్లు తెచ్చాను. 105 డిగ్రీలవే, నిరోధం తక్కువుండే రకం, పాతవాటి మైక్రోఫారడ్లే, వోల్టులు కాస్త ఎక్కువవి. ఆరూ కలిపి వంద రూపాయలు కాలేదు. ఎనభై ఐదు డిగ్రీల రకం ఇంకా చవగ్గా ఇస్తానన్నాడు కొట్టతను. వద్దన్నాను. పాతవి ఊడదీయడమే కష్టమైంది. 2006 జులై నించి ఐరోపాలో ఎలక్ట్రానిక్ సామాన్లలో సీసం నిషేధించాక లోకం చాలావరకు సీసం లేని సోల్డరుకి మారింది. పాత సీసం సోల్డరు 183 డిగ్రీలకి కరిగితే ఇది 217 దాకా మొండికేస్తుంది. నా పాతిక వాట్ల ఐరన్‌కి లొంగలేదు. చివరికి పాత సోల్డరు కొంచెం దాని మీద కరిగించి, రెండూ కలిశాక సక్కరుతో లాగాను. ఒక్కోదాని తెల్లచార బోర్డు మీది గుర్తుకి ఎదురుగా ఉందో లేదో నాన్న టార్చి పట్టుకుని చూస్తూ, ఆరుసార్లూ "ఊ" అన్నాడు.

బోర్డు చల్లారుతుండగా అడిగాను, నోటుబుక్కులో పెన్సిలు గళ్లు ఏమిటని.

"మీ నాయనమ్మకి దడ వచ్చిన వేళలు," అన్నాడు.

ఆవిడకి అర్ధరాత్రి గుండె దడదడలాడేది. తెల్లవారి బస్సెక్కించి పట్నం తీసుకెళ్లేసరికి నాడి మామూలుగా ఉండేది. ఈసీజీ కాగితం తిన్నగా వచ్చేది. ఏమీ లేదమ్మా, వయసు, నిద్ర పట్టాలంతే అని పంపించేవాళ్లు. నాన్న డ్యూటీ లేని రాత్రుళ్లు ఆవిడ మంచం పక్కన కూర్చుని వేళలు రాశాడు. రెండూ పది, వచ్చింది. రెండూ నలభై, తగ్గింది. ఆ నోటుబుక్కు కూడా తీసుకెళ్లాడు. ఎవరూ తెరవలేదు. ఒంటికి కట్టుకుని ఇరవైనాలుగు గంటలూ గుండెని రాసుకునే యంత్రం ఒకటుందనీ, అమెరికాలో హోల్టర్ అనే ఆయన దాన్ని మొదట వీపున మోసే బరువుతో తయారుచేశాడనీ నాన్నకి చాలా ఏళ్ల తరవాత తెలిసింది. అప్పటికి ఆవిడ లేదు.

"పాటలు ముందునించి, అవి వెనకనించి రాసేవాణ్ణి. కాగితం దండగెందుకని," అన్నాడు. తరవాత స్క్రూలు ఏరి నా చేతిలో పెట్టాడు.

సోమవారం ఐదింటికి తెర వెలిగింది. నిలబడింది. మంగళవారం, బుధవారం కూడా. నాన్న రోజూ రాస్తూనే ఉన్నాడు. వారం దాటాక, "బాగైపోయిందిగా నాన్నా, ఇంకా ఎందుకు?" అన్నాను.

"చలికాలం వెళ్లనియ్," అన్నాడు.

నేను కూడా ఐదింటికి లేవడం మొదలుపెట్టాను. ఆయన టైపు చేస్తాడు, అర్థం కాని అక్షరాల దగ్గర నేను నోటుబుక్కు దీపానికి దగ్గరగా పట్టుకుంటాను. ఒక పాటలో చరణం సగంలో ఆగిపోయింది. అక్కడ నాయనమ్మ పాడటం ఆపి, దాహం వేస్తోందని మంచినీళ్లడిగిందట. ఆ ఖాళీని ఆయన అలాగే ఉంచాడు.

ఆ ఏటికల్లా గట్టి చలి భోగినాడు అనిపించింది మాకు. వీధిలో మంటలు వేసుకున్నారు, పొగ అద్దాల సందుల్లోంచి లోపలికి వస్తోంది. నాన్న వేళ్లు రుద్దుకుని మీట నొక్కాడు. ఇద్దరం లెక్కపెట్టాం. ఒకటి. రెండు. మూడు. పది దాకా లెక్కపెట్టాం. ఆయన కలం తీసి రాశాడు.

"భోగి. 4-50. మొదటిసారికే."